పాడినవారి గడి

"తెలియనివారు" అనే మాట చూస్తే చేపల ఫ్యాక్టరీలో పనిచేసే టోరున్‌కి ఒళ్ళు మండేది.

ఆ ఫ్యాక్టరీ పనివాళ్ళ క్లబ్బులో ఉన్న జ్యూక్‌బాక్స్ నాణెం వేస్తే పాడే పాతకాలపు పెట్టె కాదు. ఎవరో పారేసిన కంప్యూటరు, దానికో వేలితో తాకే తెర, అంతే. ఏళ్ళ తరబడి పనివాళ్ళు పాడి రికార్డు చేసుకున్న పాటలన్నీ అందులో ఉన్నాయి. అందరికీ తెలిసిన పాటల వరసల్లో యాజమాన్యాన్ని తిట్టినవి, పెళ్ళిళ్ళలో పాడినవి, సమ్మెలో చలికి వణుకుతూ పాడినవి. చాలాకాలం అవన్నీ ఒకే ఫోల్డర్‌లో తొట్టిలో చేపల్లా గుట్టపడి ఉండేవి. పాడినవారి గడిలో కంప్యూటరు తనంతట తానే "తెలియనివారు" అని వేసుకునేది. తెలియకపోవడమేంటి? పని చేయించుకునేటప్పుడు ప్రతి ఒక్కరి పేరూ తెలుసు, పాడితే మాత్రం తెలియనివారా?

ఆ చలికాలమంతా టోరున్ ఒక్కో పాటా విని, గొంతు గుర్తుపట్టి, పేరు, ఏడాది, ఫొటో ఎక్కించింది. ఇప్పుడు తెర మీద పేరు తాకితే చాలు, ముఖంతో సహా ఆ మనిషి పాటలన్నీ వరసగా వస్తాయి. పేరు లేని పాట ఒక్కటి కూడా మిగల్లేదు.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఫోర్‌మన్ గుడ్‌మండ్ క్లబ్బులోకి వచ్చాడు. 

గుడ్‌మండ్ ఎప్పుడూ క్లబ్బుకి రాడు. ఆ వారమే తనిఖీ అధికారులు చెప్పకుండా ఫ్యాక్టరీ మీద పడ్డారు. చేపల్ని గడ్డకట్టించే యంత్రాల్లోంచి అమ్మోనియా లీకైతే మోగాల్సిన గంటని ఎవరో ఆపేశారని వాళ్ళకి ముందే తెలుసు. ఆపింది గుడ్‌మండే. గంట మోగితే చేపలు కోసే లైన్ ఆగుతుంది మరి. వాళ్ళకి చెప్పిందెవరో పట్టుకోవడమే ఇప్పుడు అతని పని.

చెప్పిందెవరో టోరున్‌కి కూడా తెలియదు. కానీ గంట మీద పాట కట్టి పాడింది మాత్రం యుర్గా; పాట కట్టినవాళ్ళే చెప్పారని అతను తేల్చేస్తాడు. లిథువేనియా నుంచి వచ్చిన పిల్ల, సీజన్ కాంట్రాక్టు మనిషి. కాంట్రాక్టు పొడిగించకపోతే పనీ పోతుంది, ఫ్యాక్టరీ ఇచ్చిన గదీ పోతుంది. ఆ పాట కింద యుర్గా పేరు, నవ్వుతున్న ఫొటో టోరున్ తన చేత్తోనే పెట్టింది. ఆ యుర్గా ఇప్పుడు కిటికీ పక్కన వాఫుల్ ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయి కూర్చుంది.

గుడ్‌మండ్ కాఫీ పోయించుకుని తిన్నగా తెర ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"మన దగ్గర బ్రహ్మాండమైన పాటలున్నాయంటగా," అన్నాడు.

"నీకు పాటలెప్పట్నించి?" అన్నాడు కాఫీ పోసే ముసలి కొల్‌బ్యోర్న్. "నువ్వు ఈల వేస్తేనే కుక్కలు పారిపోతాయి."

గుడ్‌మండ్ వేలు వాళ్ళ భాష అక్షరక్రమంలో కిందికి జారుతోంది. "అల్ఫ్‌హిల్డ్. బిర్గర్, పోయాడు పాపం. ఎల్లింగ్. ఇతనూ పాడేవాడా? టోరున్, చాలా శ్రద్ధగా పెట్టావే. ఎవరు ఏం పాడారో అన్నీ విడివిడిగా."

టోరున్ తాను చేసింది పాటల పుస్తకం అనుకుంది. పోలీసుకి పనికొచ్చే జాబితా చేసి పెట్టింది.

ప్లగ్గు పీకేస్తే? దాచాల్సింది ఉందని ఒప్పుకున్నట్టే. ఫోన్‌లోంచి కూడా ఆ పెట్టెను నడపొచ్చు. బల్ల కింద ఫోన్ తీసింది. వేళ్ళు తడిగా ఉన్నాయి, తాకినా ఫోన్ తెర పట్టడం లేదు. యుర్గా పేరు ఒక్కటే చెరిపేద్దామనుకుంది. చెరపబోయి ఆగింది. అన్నిటికీ పేరుండి ఒక్కదానికే లేకపోతే ఆ ఖాళీ గడే వేలెత్తి చూపిస్తుంది.

అన్నీ ఎంచుకో. పాడినవారు: తీసెయ్యి. ఫొటో: తీసెయ్యి. మళ్ళీ వెనక్కి తేవడం కుదరదు, సరేనా అని అడిగింది ఫోన్.

పోయినవాళ్ళు అందులోనే ఉన్నారు. చలికాలమంతా చేసిన పనీ అందులోనే ఉంది. గుడ్‌మండ్ వేలు "హెర్దిస్" దాటింది. వాళ్ళ అక్షరాల్లో ఆ తర్వాత వచ్చేది యుర్గాయే.

సరే నొక్కింది.

తెర మీద జాబితా ఒక్కసారి మినుకుమని మొదటికి గెంతింది. వరసలన్నీ ఒకే మాట. తెలియనివారు. తెలియనివారు. తెలియనివారు.

"ఇదేంటి, పేర్లేమయ్యాయి?"

"పాతది," అంది టోరున్. తన కప్పులోంచి కాఫీ ఒక గుక్క తాగింది. "అప్పుడప్పుడూ అంతే."

అతను ఆమె వైపు తిరిగాడు. "మరి గంట పాటేది?"

"ఏ గంట?" అన్నాడు కొల్‌బ్యోర్న్. "చర్చి గంటా, పడవ గంటా? మోగేదా, మోగనిదా?"

గుడ్‌మండ్ వెతికే చోట "గంట" అని కొట్టాడు. దొరికింది. పేరు చెరిపింది గానీ పాట చెరపలేదుగా. యుర్గా గొంతు గదంతా నిండింది, పరాయి యాసతో, ఏ దాపరికం లేకుండా:

*గంట నోటికి గుడ్డ కట్టారు,
మా ముక్కులకేం కడతారు?*

పేర్లన్నీ తగలేసినా గొంతు మిగిలింది.

అప్పుడు కొల్‌బ్యోర్న్ అందుకున్నాడు. గాడిద గొంతు, శ్రుతి లేదు, కెటిల్ మూతతో తాళం. పక్క బల్ల వాళ్ళు కలిశారు. ఆ పక్క బల్ల వాళ్ళూ కలిశారు. అందరికీ వచ్చిన పాటే. రెండో చరణానికి యుర్గా గొంతు ఆ గోలలో ఎక్కడుందో తెలియలేదు. గుడ్‌మండ్ మాత్రం పాట వినడం లేదు, నోళ్ళు చూస్తున్నాడు. ఒక్కో నోరూ. కిటికీ దగ్గర యుర్గా పెదాలు కదులుతున్నాయి. పైకి పాడితే పెట్టెలో గొంతుతో సరిపోయి దొరికిపోతుంది, నోరు కదపకపోతే ముఖం పట్టిస్తుంది. శబ్దం లేకుండా పాడుతోంది. ఆమె మెడ నరం మాత్రం కొట్టుకుంటోంది. అది అతనికి కనబడిందా లేదా?

పాట అయిపోయింది.

"ఈ గొంతు నేనెక్కడో విన్నాను," అన్నాడు గుడ్‌మండ్.

"వినే ఉంటావు," అంది టోరున్. "లైన్ మీద రోజూ అరుస్తూనే ఉంటాంగా. గంట మోగనప్పుడు ఇంకాస్త గట్టిగా."

అతను సగం తాగిన కప్పు తెర పక్కనే పెట్టి వెళ్ళిపోయాడు.

సోమవారం యుర్గా షిఫ్టులోనే ఉంది. మంగళవారం కూడా ఉంది. నెలాఖరుకి కాంట్రాక్టు పొడిగించారు. అతనికి తెలియలేదో, తెలిసీ తనిఖీ వాళ్ళు పోయేదాకా ఆగాడో, ఎవరు చెప్పగలరు? గంట మాత్రం ఇప్పుడు పని చేస్తోంది.

టోరున్ మళ్ళీ తెర ముందు కూర్చుంది. ముందు బిర్గర్ పేరు పెట్టింది. తర్వాత పోయినవాళ్ళందరివీ, జ్ఞాపకం ఉన్నంతవరకు, ఒక్కొక్కటే. వాళ్ళని ఎవడూ పనిలోంచి తియ్యలేడు. బతికున్నవాళ్ళ గడుల్లో ఆమె అసహ్యించుకునే ఆ మాటే ఉంచేసింది.

"నాది ఎప్పుడు రాస్తావు?" అని యుర్గా అడిగింది.

"నీకు భయం పోయినప్పుడు."

"నాకు పోయింది. నీకో?"

బయట మెట్ల మీద ఎవరివో బూట్ల చప్పుడైంది. టోరున్ వేలు తెర మీద ఆగిపోయింది.