చెంగున ముడివేసిన మాత్ర

వోయినితుకి మళ్ళీ జ్వరం వచ్చిందన్న కబురు డాక్టర్ అస్నాకెచ్‌కి అందింది. అబాయా సరస్సు ఒడ్డునున్న ఆ ఆరోగ్య కేంద్రంలో ఆవిడ పని ఒక్కటే. మందు వేసినా మలేరియా ఎందుకు తిరగబెడుతోందో కనిపెట్టాలి. కొత్త దోమ కుట్టి వచ్చినది కొంత, కాలేయంలో పడుకున్న పాత క్రిమి నిద్రలేచి వచ్చినది కొంత. వోయినితుది ప్రతిసారీ పాత క్రిమేనని రక్తపరీక్ష చెబుతోంది.

పడుకున్న క్రిమిని చంపే మాత్రలు ఆమెకి ఇవ్వకపోలేదు. మొదటిసారి జ్వరానికి కడుపు పోయాక, పోయినేడు ఈస్టరుకి ముందొచ్చే పెద్ద ఉపవాసం రోజుల్లో రెండు వారాలు ఇచ్చారు. అయినా జ్వరం వచ్చి రెండో కడుపూ పోయింది. ఈ ఏడూ అదే రోజుల్లో మళ్ళీ ఇచ్చారు. ఇప్పుడు మూడోసారి కడుపుతో ఉంది, మళ్ళీ జ్వరం. కడుపుతో ఉన్న మనిషికి ఆ మాత్ర ఇవ్వకూడదు. రక్తంలో తిరిగే క్రిమిని అణిచే మాత్ర మాత్రం ఇవ్వొచ్చు. అదైనా సరిగ్గా పడితేనే బిడ్డ దక్కుతుంది.

ఆగస్టు నెల, మరియమ్మ ఉపవాసం నడుస్తోంది. ఎప్పటిలాగే పొద్దున్నే నర్సు దెస్తా మాత్ర ఇచ్చింది. ఆ వేళ పెట్టింది అస్నాకెచ్చే. కేంద్రంలో పనిచేసేవాళ్ళంతా ఉపవాసాలవాళ్ళే కాబట్టి, పని తెముల్చుకుని మధ్యాహ్నం చర్చిలో ఆరాధనకి వెళ్ళొచ్చని అలా పెట్టింది. రోగుల వీలు ఎవరూ అడగలేదు, రోగులూ నోరు విప్పి చెప్పలేదు.

ఆరాధన అయ్యాక మనసాగక డాక్టర్ వోయినితు ఇంటికి నడిచింది. తలుపు తీసే ఉంది. వోయినితు చేతులు కడుక్కుని ఇంజెరా రొట్టె పళ్ళెం ముందు కూర్చుని, తెల్ల శాలువా చెంగు ముడి విప్పుతోంది. అందులో సగం కరిగిన మాత్ర ఉంది.

"అదేంటి వోయినితూ?"

"మాత్రే అక్కా. పొద్దున మీవాళ్ళిచ్చిందే. ఇప్పుడు తింటాను కదా, వేసుకుంటా."

ఆ మొహంలో దొంగతనం ఏ కోశానా లేదు. ఆమె చెప్పిందంతా అస్నాకెచ్ నిలబడే వింది. మొదటి కడుపు పోయినప్పుడే, ఈసారి బిడ్డ నిలవాలని మరియమ్మకి మొక్కుకుందట. ఉపవాసం రోజుల్లో ఆరాధన ముగిసేదాకా గొంతులోకి చుక్క నీళ్ళు కూడా దిగకూడదు. రోగులకి మినహాయింపు ఉందని చర్చి గురువుగారు చెప్పినా వినలేదు. అప్పటినుంచీ ప్రతి ఉపవాసంలోనూ మాత్రని నాలుక కిందే ఉంచుకుని, ఊరిన చేదంతా దారిలో ఉమ్మేసి, గేటు దాటాక చెంగున ముడివేసుకునేది. ఒక్కటి కూడా పారేయలేదని ఒట్టేసింది. నర్సు మాత్ర నోట్లో వేసుకోవడం చూసింది గానీ నీళ్ళు తాగమని బలవంతపెట్టలేదు. ఉపవాసమున్న మనిషి ఉపవాసమున్న మనిషిని ఆ మాట ఎలా అంటుంది?

మందు ఓడిపోలేదు. సగం మందుకి క్రిమి సగమే చచ్చింది. బిడ్డ కోసం పట్టిన ఉపవాసమే జ్వరాన్ని బిడ్డ మీదికి తెచ్చింది. అస్నాకెచ్ ఆ సగం మాత్రని తీసుకుని, కరిగిన అంచుని వేలితో తడిమింది.

వోయినితు డాక్టర్ మొహం చూసి గ్రహించింది. "అయితే నా మొక్కేనా అక్కా, ఆ రెండో బిడ్డని తీసుకుపోయింది?"

"పొద్దున్నే మింగమన్నది నేను. నిన్నో మాట అడగాల్సింది. అడగలేదు."

అందులో సగమే నిజమని ఇద్దరికీ తెలుసు. వోయినితు చాలాసేపు ఏడ్చింది. అస్నాకెచ్ పక్కన కూర్చుంది.

తర్వాత డాక్టర్ చేయి కడుక్కుని, సంచిలోంచి కొత్త మాత్ర తీసి, ఇంజెరా ముక్కలో షిరో అనే శనగపిండి కూరతో పాటు చుట్టి వోయినితు నోటికి అందించింది. చేత్తో పెట్టిన ముద్దని ఆ ఊళ్ళో ఎవరూ కాదనరు. వోయినితు మింగింది.

"మరి లోపల పడుకున్న క్రిముల సంగతో?"

"నువ్వు కనేదాకా వాటిని కదపలేం. లేచినప్పుడల్లా ఇలాగే పెడతాను. రేపు కూడా ఈ వేళకే వస్తా."

"నువ్వూ నిన్నటినుంచి తినలేదుగా," అంటూ వోయినితు తన చేత్తో ఒక ముద్ద చుట్టి పెట్టింది. అస్నాకెచ్ నోరు తెరిచింది. చెంగు ముడి విప్పిన వోయినితు వేళ్ళకి కరిగిన మాత్ర ఇంకా అంటుకునే ఉంది. ఆ చేదు నాలుకకి తగిలింది. ఉమ్మేయాలనిపించింది గానీ, నమిలి మింగింది.