పేరిందేవికి ఇచ్చిన దువ్వెన

నేను ఒక దువ్వెనను. దంతంతో చేసినదాన్ని కాను. పర్లాకిమిడిలో కొమ్ముపని చేసే ఒక ముసలాయన గేదె కొమ్మును సెగ మీద మెత్తబరిచి, బల్లపరుపుగా అణిచి, సన్నని రంపంతో నాకు పళ్ళు కోశాడు. తల దువ్వడం తప్ప వేరే విద్య తెలియని నన్ను తీసుకొచ్చి ఒక ప్రమాణానికి గుర్తుగా పెట్టారు. మనుషులకు అదొక అలవాటు. మాట తమది, మోత మాది.

నన్ను కొన్నవాడు ఓరుగంటి కామేశం. కాకినాడ కాలేజీలో ఎఫ్.ఏ. చదువుతున్నాడు. పందొమ్మిదేళ్ళు. వారాలు చేసుకునేవాడు, అంటే వారంలో రోజుకొక ఇంట భోజనం. పొద్దున్నే సంధ్యావందనం, పగలు ఇంగ్లీషు తర్కశాస్త్రం, ఆదివారం ప్రార్థన సమాజం. దేవుడొక్కడేననీ, వితంతువుకు పెళ్ళి చెయ్యడం పాపం కాదనీ అక్కడ కన్నీళ్ళు పెట్టుకుంటూ ఉపన్యసించేవాడు. ఆ కన్నీళ్ళు దొంగవి కావు. అతని కోటు జేబులో ఉండి విన్నాను కనుక చెబుతున్నాను.

గురువారం భోజనం కోర్టు గుమాస్తా గవరయ్యగారింట. ఆయన చెల్లెలు పేరిందేవికి ఎనిమిదో ఏట పెళ్ళి, పదో ఏట వైధవ్యం. ఈడేరగానే తల గొరిగించి ముసుగు వేయించారు. ఇప్పుడు పదిహేడు. మేనకోడలి వాచకం ముందు పెట్టుకుని ఆమె అక్షరాలు కూడబలుక్కోవడం కామేశం విన్నాడు. ఒక తప్పు దిద్దాడు. అదే మొదలు. గవరయ్య కోర్టుకు వెళ్ళాక, ఇల్లాలు కునుకు తీసే వేళ, అతను వసారాలో కూర్చుని పాఠం చెప్పేవాడు. ఆమె తలుపు చాటునుంచి అప్పజెప్పేది. ఆరు నెలలకు ఆమెకు చదవడం వచ్చింది. అతనికి గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడం వచ్చింది.

ఒక గురువారం నన్ను గడప మీదుగా లోపలికి జరిపాడు.

"జుట్టు పెంచుకో. పరీక్ష కాగానే సమాజం పెద్దలతో మాట్లాడి నిన్ను పెళ్ళి చేసుకుంటాను. భగవంతుడి మీద ఆన."

ఆమె వెంటనే తీసుకోలేదు.

"మాట తప్పితే మీకు చదువుంది. నాకేముందండీ?" అంది.

అతను మళ్ళీ ఒట్టు పెట్టాడు. అప్పుడు తీసుకుంది.

మంగలి వచ్చిన మొదటిసారి జ్వరమంది, రెండోసారి కడుపునొప్పంది. అంగుళం జుట్టు లేచింది. దువ్వడానికి ఏముంది అందులో? నా పళ్ళు నెత్తికి గుచ్చుకునేవి. అయినా తలుపు వేసుకుని, రోజూ, పాపిడి తియ్యాలని చూసేది. అంత కొద్ది జుట్టును అంత శ్రద్ధగా దువ్వుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మూడో నెలలో ముసుగు జారి వదిన కంట పడింది. పక్కబట్టలు వెతికితే నేను దొరికాను. ఆ ఇంటికి వచ్చే పరాయి కుర్రాడు ఒక్కడే కనుక గవరయ్యకు అనుమానం ఎవరి మీదికి పోవాలో తెలుసు. కబురందుకుని కామేశం తండ్రి ఊరినుంచి దిగాడు. పరీక్షకు ఇంకా పదిరోజులుంది. వసారాలో పీట మీద నన్ను పెట్టారు.

"ఇది నువ్విచ్చావురా?" అని తండ్రి అడిగాడు. గొంతు పెంచలేదు.

కామేశం నావైపు చూడలేదు. నేల చూశాడు.

"నేనెరగను నాన్నగారూ."

గవరయ్య తలుపు వైపు తిరిగి చెల్లెల్ని అడిగాడు.

"ఆయన ఎరగరు. గాజులవాడి దగ్గర నేనే కొనుక్కున్నాను."

ఆ పూటే మంగలిని పిలిపించారు. అతను పెరట్లో కత్తి నూరుతుండగానే లోపల విస్తళ్ళు వేశారు. తినమన్నాడు తండ్రి. కామేశం తిన్నాడు. మారు నెయ్యి కూడా వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, పెంటలో పడి ఉన్న నన్ను తీసి మొలలో దోపుకున్నాడు. ఎందుకో అతనికే తెలిసి ఉండదు.

పరీక్ష మొదటి తరగతిలో ప్యాసయ్యాడు. సమాజానికి ఒంట్లో బాగాలేదని ఉత్తరం రాసి, ఇక ఆ గడప తొక్కలేదు. ఒంటరిగా ప్రార్థన చెయ్యడానికి కళ్ళు మూసుకునేవాడు, మరుక్షణమే తెరిచేవాడు. బి.ఏ. అయింది, ఉద్యోగం వచ్చింది, పెద్దలు చూసిన సంబంధం చేసుకున్నాడు. నేను ట్రంకుపెట్టె అడుగున చేతిరుమాలులో ఉండిపోయాను. కోటు తీసుకునేటప్పుడు అతని వేళ్ళు నాకు తగిలితే చటుక్కున వెనక్కి పోయేవి. నాకూ సిగ్గుగానే ఉండేది. ఆ ఒట్టుకు ఆమెకున్న ఒకే ఒక్క రుజువును నేనే మరి.

ఆ రోజు తర్వాత పదహారేళ్ళకు అతను బడుల డిప్యూటీ ఇనస్పెక్టరు అయ్యాడు. నరసాపురం వైపు ఒక ఆడపిల్లల బడి తనిఖీ కాగితాల్లో హెడ్ మాస్టరమ్మ పేరు చూసి ఆగిపోయాడు. మర్నాడు నన్ను జేబులో వేసుకుని బయలుదేరాడు.

పేరిందేవే. అన్నగారింటినుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే వచ్చేసి, బందరులో ట్రెయినింగు చదివిందట. తలనిండా జుట్టు, ముడి వేసుకుంది. అక్కడక్కడా నెరిసింది. కామేశం నన్ను బల్ల మీద పెట్టాడు.

"ఆవేళ నేను అబద్ధమాడాను."

"తెలుసండీ. నేనూ ఆడాను."

అతను ఇంకేదో అనబోయాడు. ఆమె ఆగమన్నట్టు చూసింది.

"పెళ్ళి మాట అప్పుడే వదులుకున్నాను. మంగలి కత్తి తీసినప్పుడు మాత్రం, ఒక్కసారి వద్దంటారేమోనని లోపలికి చూశాను. మీరు భోంచేస్తున్నారు."

అతను తల వంచుకున్నాడు. మొదటిసారి వంచుకున్నది భయంతో. ఇది వేరు.

"పిల్లలు కూర్చున్నారు. పరీక్ష మొదలుపెట్టండి" అంది ఆమె.

అతను లెక్కలు అడిగాడు, పద్యాలు చెప్పించుకున్నాడు. ఒక పిల్ల తడబడితే దిద్దలేకపోయాడు. ఆమే దిద్దింది. వెళ్ళేటప్పుడు నన్ను తీసుకోలేదు.

అప్పటినుంచి ఆ బడి బల్ల సొరుగులో ఉన్నాను. జడలు రేగి వచ్చిన పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని ఆమె నాతోనే దువ్వుతుంది. తన తలకు మాత్రం చెక్క దువ్వెన వేరే ఉంది. నన్ను ఏనాడూ తాకించుకోలేదు. తాకించుకోవాలని కోరుకునే ముఖం నాకూ లేదు.