ఐదు మార్కుల ఆయాసం

తబితకి ముప్పై ఎనిమిదేళ్లు. టీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది. పగలు కడియం నర్సరీలో మొక్కల సంచులకి మట్టి నింపుతుంది, సాయంత్రం వీధి కుళాయి నుంచి ఇంటికి నీళ్లు మోస్తుంది. కరోనా రెండో వేవ్ తర్వాత ఒక్క బిందె తేవడానికి దారిలో రెండుచోట్ల గోడ పట్టుకోవాల్సి వస్తోంది.

అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో తోడికోడలు మెర్సీ కూర్చుని ఉంటుంది. ఇద్దరికీ ఒకే వారం జబ్బు చేసింది. రాజమండ్రిలో ఒకే రోజు ఊపిరితిత్తుల స్కాన్ తీయించారు. స్కోరు ఎంత ఎక్కువైతే జబ్బు అంత ముదిరినట్టు. మెర్సీ స్కోరు ఇరవై ఐదుకి ఇరవై ఒకటి. తబితది ఐదు.

"ఐదు కూడా ఒక జబ్బేనా అమ్మాయ్? జలుబుకి ఎక్కువ, జ్వరానికి తక్కువ," అంటుంది అత్తగారు సువార్తమ్మ.

"స్కోరుకీ, తర్వాత మిగిలే ఆయాసానికీ పొంతన ఉండదన్నారండీ డాక్టరు గారు."

"ఆయనకేం, అంటారు. బిందె ఆయన మోస్తారా?"

ఆ ఇంట్లో ఆడది కూర్చోవాలంటే స్కోరు ఉండాలి. మగవాళ్లకి అక్కర్లేదు. తబిత మొగుడు సాల్మన్, మెర్సీ మొగుడు విజయ్ పాల్ పుట్టిన దగ్గర్నుంచీ కూర్చునే ఉన్నారు.

ఆ ఇరవై ఒకటిని చూస్తే తబితకి కన్ను కుట్టేది. ఆదివారం చర్చిలో మెర్సీ ఫిల్ము ఎత్తి చూపించి, చావు దాకా వెళ్లొచ్చిన సాక్ష్యం చెబుతుంటే అందరూ స్తోత్రం అనేవారు. ఐదుకి ఎవరు స్తోత్రం చెబుతారు?

ఆ యేడు తీసిన స్కాన్ ఫిల్ములు మనుషుల్లాగే ఊపిరి పీల్చి వదులుతాయి. బీరువాలో పెడితే ఉక్కిరిబిక్కిరవుతాయని ఊళ్లో అందరూ కిటికీ పక్కన మేకుకి తగిలించుకుంటారు. మెర్సీ ఫిల్ము నిండుగా ఉబ్బి, తీరిగ్గా తగ్గుతుంది. తబితది సగం ఉబ్బి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, మళ్లీ మొదలెడుతుంది. రెండూ పక్కపక్కనే వేలాడుతున్నా ఎవరూ పోల్చి చూడలేదు. రిపోర్టులో అంకె ఉండగా ఊపిరి ఎవరు చూస్తారు?

ఓ ఆదివారం పొద్దున్న మెర్సీ తల దువ్వుకుంటుంటే తబిత ఆమె చర్చికి తీసుకెళ్లే కవర్లోది తీసేసి తన ఫిల్ము పెట్టేసింది. ఐదు మార్కుల దాన్ని పట్టుకుని ఏం సాక్ష్యం చెబుతుందో చూద్దామని.

మెర్సీ చర్చిలో ఫిల్ము ఎత్తింది. అది సగం ఉబ్బి ఆగిపోయింది. అందరూ నోళ్లు తెరిచారు.

"అయ్యో తల్లీ, ఇంత బాధ లోపల పెట్టుకునా నవ్వుతున్నావు!" అని పాస్టరమ్మ గారు కళ్లొత్తుకున్నారు. సువార్తమ్మ మెర్సీకి కుర్చీ తెమ్మని కేకేసింది.

వెనక వరసలో తబిత పళ్లు కొరికింది. ఆఖరికి తన ఆయాసం కూడా దానికే దక్కిందన్నమాట!

ఫిల్ము మూల ఉన్న పేరు మెర్సీ చదివింది. నోరు మెదపకపోతే ఈ జన్మకి ఆ అరుగు మీంచి ఎవరూ లేపరు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"ఇది నాది కాదండీ. మా తబితది," అంది. "నేను బానే ఉన్నాను. కూర్చోవడం బావుండి కూర్చున్నాను."

సోమవారం నుంచి కుర్చీ తబితది. సువార్తమ్మ ఇద్దరి పనీ మెర్సీకి అప్పగించింది. మగవాళ్లు కాళ్లు కాస్త పక్కకి జరిపి ఆమెకి దారి ఇచ్చారు.

మెర్సీ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని పాడుకుంటూ వచ్చేది. చరణం మధ్యలో ఎక్కడా ఆగేది కాదు. తబిత కుర్చీలో రగిలిపోయేది.

"బరువు మోస్తూ పాటలేంటక్కా?"

"ఏం, పాడకూడదా?"

"నాకు వినపడేలా పాడకు."

మెర్సీ నవ్వి పల్లవి మళ్లీ ఎత్తుకుంది.

ఆ నెల తిరక్కుండానే తబిత అత్తగారితో చెప్పేసింది: నీళ్లు మగవాళ్లు మోయకపోతే ఈసారి సాక్ష్యం తను చెబుతుంది, ఇంట్లో ఎవరెవరు ఎంతకాలంగా కూర్చున్నారో పేర్లతో సహా. సాల్మన్‌కో బిందె, విజయ్ పాల్‌కో బిందె వచ్చాయి. మెర్సీ మీద జాలితో చేసిన పని కాదది. వాళ్లిద్దరికీ పాడటం రాదు.