మార్చకూడని నెంబరు

నాలుగు రోజులుగా ఆ కార్డు వసుధకు జవాబివ్వడం లేదు.

కుప్పంలో ఇంటి నుంచే ఆమె కెర్నల్, అంటే కంప్యూటరును లోపలి నుంచి నడిపే మూల ప్రోగ్రాము, రాసే పని చేస్తుంది. ఒకే పెద్ద కంప్యూటరులో నాలుగైదు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఒక్కొక్కటీ యంత్రమంతా తనదేననుకుంటూ నడిచే ఏర్పాటు అది. వాటిలో ఒకదానికి కొత్త నెట్‌వర్క్ కార్డును అప్పగించారు. కార్డులో ఏ చోటు చదివినా అర్థంలేని అంకెలే. యంత్రం మదనపల్లెలో, తోటి ఇంజనీరు మంజు దగ్గర ఉంది. దూరం నుంచి లాభం లేదనిపించి, ఆ రోజు పొద్దున్నే మంచులో బస్సెక్కింది.

కిటికీ బయట ఏమీ లేదు. గుట్టలు తెల్లగా కరిగిపోయాయి. అప్పుడప్పుడూ ఒక చింతచెట్టు తేలుతూ వచ్చి వెళ్ళిపోయేది. బైరెడ్డిపల్లెలో ఒకామె చిక్కుడులాంటి అనపకాయల సంచీతో ఎక్కి పక్కన కూర్చుంది. పేరు గంగాదేవి అనీ, పుంగనూరులో కూతురింటికి పోతున్నాననీ తనే చెప్పింది. తడి అనపకాయల వాసన సీటంతా కమ్ముకుంది.

“నువ్వు యాడికమ్మా?”

“మదనపల్లెకక్కా. ఆడ ఒక మిషన్ పలకలేదు.”

“యాల పలకలేదు?”

ఎందుకని ఇంత తేలిగ్గా ఎవరూ అడగలేదు. వసుధ ఆమెవైపు తిరిగింది.

“మిషన్లో ప్రతి జాగాకూ ఒక నెంబరుంటాదక్కా. మా ప్రోగ్రాముకు తెలిసిన నెంబర్లు ఉత్తుత్తివి. అసలువి కింద వేరే ఉండాయి. అందుకని దేన్ని తాకాలన్నా ముందు పట్టీలో సూసి, ఉత్తుత్తి నెంబరును అసలు నెంబరుగా మార్చుకుంటాం.”

“ఊఁ” అంది గంగాదేవి. మరుక్షణం ఆమె తల వసుధ భుజమ్మీద వాలింది.

వసుధ ఆపలేదు. ఆమె నిద్ర చెడకుండా గొంతు తగ్గించి, కిటికీవైపు చెప్పసాగింది. “కార్డు నెంబరునీ అట్నే మారుస్తాం. అది మాకిచ్చే నెంబరు...”

మాట అక్కడే ఆగింది. కార్డు ఇచ్చేది అసలు నెంబరే. దాన్ని కూడా పట్టీలో వెతికి మార్చేస్తోంది తన కోడ్. మారిన చోట కార్డు లేదు, పేజీ అనే మామూలు మెమరీ ముక్క ఏదో ఉంది. నాలుగు రోజులుగా తను పలకరించింది దాన్ని.

లాప్‌టాప్ కాళ్ళ దగ్గర సంచీలో ఉంది. వంగితే గంగాదేవి లేస్తుంది. వసుధ కదల్లేదు. బస్సు ఎత్తు ఎక్కుతోందో దిగుతోందో తెలియలేదు. పెద్దపంజాణి వచ్చి, మంచులోనే కలిసిపోయింది. భుజం తిమ్మిరెక్కింది. తెలిసిన సంగతి ఎక్కడికీ పోదులే అనిపించి, ఆమెకూ కళ్ళు మూతలుపడ్డాయి.

పుంగనూరులో గంగాదేవి ఉలిక్కిపడి లేచింది. “నిద్ర పట్టేసినాదమ్మా. ఏందో సెప్తాంటివి కదా.”

“అంతా సెప్పేసినానక్కా.”

మదనపల్లెలో మంజు గదికి చేరేసరికి ఎండ వచ్చింది. వసుధ కోడ్‌లో కొన్ని వరసలే మార్చింది: కార్డు పేజీలకు ఒక గుర్తు పెట్టి, గుర్తున్నవాటిని పట్టీ జోలికి పోనివ్వకుండా ఉన్నదున్నట్టు వాడమంది. యంత్రం మళ్ళీ మొదలైంది. తెరమీద కార్డు సొంత గుర్తింపు, పన్నెండు అక్షరాలూ సరిగ్గా వచ్చాయి.

“వచ్చినాది” అన్నాడు మంజు. “ఎట్ల దొరికింది?”

“బస్సులో ఒకామెకు సెప్తాంటే తెలిసింది.”

“ఆమె ఏమనింది?”

“నిద్రపోయింది.”

మంజు కార్డుకు నెట్‌వర్క్ కేబుల్ తగిలించి, టీ తేవడానికి వెళ్ళాడు. కార్డు అంచున పచ్చటి దీపం మెల్లగా మిణుకుమనడం మొదలుపెట్టింది. వసుధ నేలమీదే కూర్చుని, గడ్డం మోకాళ్ళకు ఆనించి, దాన్నే చూస్తూ ఉండిపోయింది.