ఫెబీ ఎవరి వాటా

నల్ల గౌనుకు గంజి ఎక్కువైందని ప్రుడెన్స్ దొరసాని పొద్దుటే మొదలుపెట్టింది. "మొగుడు పోయి నలుగురిలో కూర్చోవలసినదాన్ని. అట్టముక్కలా చేశావేంటే దీన్ని?"

లెటీస్ గౌను మళ్లీ తడిపి ఇస్త్రీ చేసింది. తర్వాత హాల్లో వకీలు చనిపోయిన దొరగారి వీలునామా చదువుతుంటే, టీ కప్పులు అందిస్తూ తన పేరు వింది. వెండి పళ్లేలు, ఈకల పరుపులు, ఎర్ర గుర్రం అయ్యాక వచ్చిందా పేరు. లెటీస్ అనే బానిస, ప్రుడెన్స్ దొరసానికి. లెటీస్ కూతురు ఫెబీ, దానికి ఇకముందు పుట్టబోయే సంతానంతో సహా, దొర కూతురు లూసిండాకి. లూసిండా మొగుడితో కెంటకీ వెళ్లిపోతోంది. మధ్యలో ఉన్న కొండలు దాటిన బానిస మళ్లీ వర్జీనియా మొహం చూడడం ఎవరూ ఎరగరు. ఫెబీకి ఐదో నెల.

"చూశావా లెటీస్, ఇన్నేళ్లు చాకిరీ చేస్తే ఇల్లు నేను బతికున్నంతవరకేనట. ఆడదానికంటూ ఏముందే?" అని కళ్లొత్తుకుంది దొరసాని.

నీకు నన్నిచ్చాడు కదా, అనుకుంది లెటీస్. పైకి మాత్రం, "అమ్మగారూ, నన్నూ ఫెబీతో పంపించండి" అంది.

"నువ్వెళ్తే నాకు జడ ఎవరేస్తారు?"

లూసిండా లేచి వచ్చి ఆమె భుజం తట్టింది. "ఏడవకు లెటీస్. ఫెబీ నాకు చెల్లెలి లాంటిది. కడుపులో పెట్టుకుని చూసుకుంటాను."

ఈ పిల్లకు తన పాలు పట్టి, ఫెబీకి జావ పోసి పెంచింది లెటీస్. దుప్పట్లు సర్దే గదిలో దొర తలుపు వేసిన రోజూ, మర్నాడు ఆ తప్పుకి దొరసాని తన చెంపే పగలగొట్టిన రోజూ ఇరవై ఏళ్లుగా గొంతులోనే ఉన్నాయి. లూసిండాని పెంచిన మనిషికి లూసిండా సంగతి తెలుసు. పదిమంది నవ్వుకునే దాన్ని తన కొత్తింట్లో ఒక్క రోజు కూడా ఉంచుకోదు. ఉంచుకోకపోతే బానిసల్ని కొనే ఏ బేరగాడికో అమ్మేస్తుందేమో, అదీ తెలియదు. లెటీస్ చేతిలో పళ్లెం బల్లమీద పెట్టింది.

"చెల్లెలి లాంటిదేంటి చిన్నమ్మగారూ? చెల్లెలే. ఇద్దరూ పక్కపక్కన నిలబడి అద్దంలో చూసుకోండి."

లూసిండా మొగుడు తలెత్తి, గుమ్మంలో ఉన్న ఫెబీని చూశాడు. వకీలు కాగితంలోకి తల దించుకున్నాడు. దొరసాని లేచి వచ్చి, ఇరవై ఏళ్ల కిందట కొట్టిన చోటే కొట్టింది.

"తల్లీ కూతుళ్లిద్దర్నీ పొగాకు చేలోకి తోలండి!"

"దాని మొహం నా ఇంట్లో వద్దమ్మా. బదులు ఇంకో పిల్లనివ్వు" అంది లూసిండా.

వంటమనిషి డైనా కూతురినిచ్చారు. పదకొండేళ్లది. ఆ పిల్లతో కెంటకీ బండి కదిలిన పొద్దున డైనా చేలోకి వచ్చింది. లెటీస్ పార కింద పడేసి ఎదురెళ్లి చెయ్యి పట్టుకోబోయింది.

"ముట్టుకోకు నన్ను" అంది డైనా. ఏడుపు లేదు ఆమె గొంతులో. "నీ కూతురికి దొర మొహం వచ్చింది, నీకు దక్కింది. నా పిల్లకి నా మొహమే వచ్చిందే, లెటీస్."