సావిత్రి అరుగు దగ్గర

కోటేశ్వరమ్మ సంచిలో రెండు చీరలు పెట్టింది. కాసేపు చూసి, ఇంకో రెండు పెట్టింది. రెండే అయితే వారంలో తిరిగొస్తుందనుకుంటారు. దువ్వెన, కుంకుమ భరిణె, చిన్న జాడీలో ఆవకాయ. జాడీ మూతకి గుడ్డ కట్టి, ముడి వదులైందేమోనని విప్పి మళ్ళీ కట్టింది. నందివాడలో అన్నగారింటికి చేతులూపుకుంటూ వెళ్ళలేదు కదా.

గుమ్మంలో భర్త వెంకటాద్రి నిలబడి ఉన్నాడు. గుడివాడ రైసుమిల్లులో కాటా దగ్గర పని అతనిది.

"సంచి ఇలా ఇవ్వు. బస్సు దాకా తెస్తాను."

"అక్కర్లేదు. మీరు వెళ్ళి ఆ అరుగు దగ్గర నిలబడండి. ఎదురుచూస్తుంటుంది."

ఆ అరుగు సావిత్రిది. వీళ్ళ ఇంటికీ మిల్లుకీ సరిగ్గా నడిమధ్యన ఉంటుంది ఆమె ఇల్లు. భర్త పోయాక అరుగు మీద కుట్టుమిషను వేసుకుని, రవికలు కుట్టి బతుకుతోంది. ఏడాదిగా వెంకటాద్రి మిల్లుకి వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఆ అరుగు ముందే ఆగుతున్నాడు. స్తంభం పట్టుకుని తీరిగ్గా చుట్ట వెలిగిస్తాడు. అది సగం కాలాక గానీ కదలడు.

"ఏం బావా, నీ అగ్గిపుల్ల సావిత్రమ్మ అరుగు దగ్గర తప్ప ఇంకెక్కడా వెలగదా?" అన్నాడట మిల్లులో శోభనాద్రి. అందరూ నవ్వారు. వెంకటాద్రి కూడా నవ్వి మీసం దువ్వుకున్నాడట. శోభనాద్రి భార్య ఆ మాట మోసుకొచ్చి కోటేశ్వరమ్మ చెవిన వేసింది.

నిన్న సాయంత్రం కోటేశ్వరమ్మ స్వయంగా వెళ్ళింది. వెంకటాద్రి స్తంభం పట్టుకునే ఉన్నాడు. రవికలు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందే అడిగేసింది.

"ఊళ్ళో గుడ్డలు చాల్లేదా నీకు? మొగుళ్ళని కూడా తెప్పించుకుంటున్నావా?"

సావిత్రి చక్రం మీద చెయ్యేసి మిషను ఆపింది. తలెత్తి వెంకటాద్రి వైపు చూసింది. అతను చేతిలో చుట్ట వైపు చూసుకున్నాడు. ఆడవాళ్ళు ఎవరి గుడ్డ వాళ్ళు తీసుకుని దిగిపోయారు.

ఇవాళ కోటేశ్వరమ్మ సంచి పట్టుకుని వీధిలోకి నడిచింది. బస్టాండు మిల్లుకి ఎదురు దిక్కు. వద్దన్నా వెంకటాద్రి వెనకే వచ్చాడు. కొంతదూరం పోయాక అతని చెప్పుల చప్పుడు ఆగిపోయింది. చూడకూడదనుకుంటూనే వెనక్కి చూసింది.

కిరసనాయిలు డిపో గోడ. అక్కడ ఇల్లు లేదు, అరుగు లేదు, ఆడమనిషి లేదు. అతను గోడకి చెయ్యి ఆనించి, రెండో చేత్తో అగ్గిపెట్టె తడుముకుంటున్నాడు. మొహమంతా చెమట.

"ఇక్కడెవరున్నారని ఆగారు?"

"పిక్కే," అన్నాడు. "పట్టేస్తుంది. ఎటు నడిచినా ఇంతే దూరం. ఆపైన అడుగు పడదు. కాసేపు నిలబడితే సర్దుకుంటుంది."

ఆవిడ సంచి కింద పెట్టి, అతని పంచె కాస్త పైకి తీసి చూసింది. కుడి పిక్క ఎడమదాని కంటే సన్నగా ఉంది. పాదం ముట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఏడాది పాటు నాకు చెప్పలేకపోయారా?"

"కుంటివాడంటే కాటా దగ్గర నుంచి తీసేస్తారు. సరసుడంటే నవ్వి ఊరుకుంటారు."

"మరి సావిత్రి?"

అతను పంచె కిందికి దించి సర్దుకున్నాడు.

ఆస్పత్రిలో చూపిద్దామని, ఆ సంచితోనే ఇద్దరూ బందరు రైలుకి బయల్దేరారు. స్టేషనుకి రిక్షా సావిత్రి ఇంటి ముందు నుంచే పోవాలి. ఒక్క మాట చెప్పి పోదామా అనుకుంది కోటేశ్వరమ్మ. ఏ మొహం పెట్టుకుని చెప్పడం? వచ్చాక చెప్పొచ్చులే అనుకుంది. రిక్షా అతన్ని వెనక సందులోంచి పొమ్మంది.

బందరు ఆస్పత్రిలో డాక్టరు విల్సన్ గారు పాదం మీదా, మోకాలి వెనకా వేళ్ళు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికారు.

"రక్తనాళం పూడుకుపోయింది. చుట్టలు కాలుస్తారా?"

"ఆగినప్పుడల్లా ఒకటండి."

"అవి కాలుస్తున్నందుకే ఆగాల్సొస్తోంది."

"కాలు తీసేస్తారా అండీ?" అంది కోటేశ్వరమ్మ.

ఆయన వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ గూళ్ళలో తెల్ల చిట్టెలుకలున్నాయి.

"వీటన్నిటికీ తొడ దగ్గర నాళాన్ని దారంతో కట్టేశాను. ఈ వరసవి ఇరుకు గూట్లోనే కూర్చున్నాయి, కాలు సన్నబడింది. ఆ వరసవాటికి తిరిగే చక్రం ఇచ్చాను. మొదట్లో రెండడుగులకే ఆగిపోయేవి. ఇప్పుడు చూడండి."

"కాలువ పూడితే పక్క బోదెల్లో నీళ్ళు పారినట్టా అండీ?" అన్నాడు వెంకటాద్రి.

"అలాంటిదే. మనిషికీ ఇలాగే కుదురుతుందని మాటివ్వలేను. చుట్ట మానెయ్యండి. నొప్పొచ్చేదాకా నడవండి, ఆగండి, మళ్ళీ నడవండి."

చక్రంలో ఒక ఎలుక పరుగెత్తి పరుగెత్తి ఆగింది. వెనక కాలు కొంచెం ఎత్తిపట్టి అటూ ఇటూ చూసింది. ఎవరి కోసం ఆగావని దాన్నెవరూ అడగలేదు. కోటేశ్వరమ్మ తల తిప్పుకుంది.

వారం తర్వాత గుడివాడ వచ్చేసరికి సావిత్రి ఇంటికి తాళం వేసి ఉంది. అరుగు మీద మిషను లేదు.

"నాగాయలంక, తమ్ముడి దగ్గరికి పోయిందండీ," అంది పక్కింటావిడ. "రవికలిచ్చేవాళ్ళే లేకపోతే ఏం తింటుంది?" ఆరోజు గుడ్డ తీసుకుని దిగిపోయినవాళ్ళలో ఆవిడా ఒకతె.

మిల్లు యజమాని వెంకటాద్రిని తీసెయ్యలేదు. సంగతి తెలిశాక కాటా పక్కన స్టూలు వేయించాడు, అంతే.

రోజూ కోటేశ్వరమ్మ అతని పక్కన నడిచింది. అతను ఆగినచోటల్లా ఆగింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కాలునొప్పి సంగతి చెప్పింది. కొందరు నమ్మారు. "పాపం, మొగుణ్ణి వెనకేసుకు రావడానికి ఎంత కష్టపడుతోందో!" అంది శోభనాద్రి భార్య. అరుగు దాటి తపాలా డబ్బా దాకా, అక్కణ్ణుంచి సోడాకొట్టు దాకా పోగలిగాడు వెంకటాద్రి. కార్తీకం నాటికి ఆగకుండా మిల్లు చేరాడు.

అప్పుడు ఇద్దరూ బస్సులో నాగాయలంక వెళ్ళారు. తమ్ముడి ఇంటి వసారాలో సావిత్రి మిషను ముందు కూర్చుని ఉంది. లేచి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది.

"పిక్క నెమ్మదించిందా అండీ?" అని వెంకటాద్రిని అడిగింది.

కోటేశ్వరమ్మ గ్లాసు కింద పెట్టింది. "నీకు... మీకు తెలుసా?"

"ఎదురుగా కూర్చునేదాన్ని కదండీ. రోజూ పిసుక్కునేవారు."

"మరి ఆరోజు నేనన్ని మాటలంటుంటే చెప్పలేదేం తల్లీ?"

"ఆయన చెప్తారనుకున్నానండి. పక్కనే ఉన్నారుగా."

వెంకటాద్రి తలెత్తలేదు. చుట్ట కూడా లేదు చూసుకోవడానికి.

"ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది," అంది కోటేశ్వరమ్మ. "మీతోపాటు నేనొచ్చి ఆ అరుగు మీద కూర్చుంటాను. మొదటి రవిక నాదే."

"చూద్దాంలెండి. బస్సు వేళవుతోంది మీకు," అని సావిత్రి చక్రం తిప్పింది.

వెంకటాద్రి ఆ తర్వాత చాలా ఏళ్ళు మిల్లుకి నడిచే వెళ్ళాడు. సావిత్రి ఆ గొడవైన పంతొమ్మిది వందల అరవై ఆరు ఆషాఢంలోనే గుడివాడ వదిలి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.