కుక్కల బడి దానయ్య

దానయ్య తడిగుడ్డ పిండి కుక్కల ముక్కులు తుడుస్తున్నాడు. ఎండాకాలం వచ్చిందంటే చాలు, చుట్టుపక్కల కళ్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు తెల్లవారకముందే గాలిలో కలిసి వస్తుంది. మనుషులైతే తుమ్ముకుంటారు, తిట్టుకుంటారు, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుంటారు. కుక్క ఏం పెట్టుకుంటుంది? ముందు దాని ముక్కు మొద్దుబారుతుంది, తర్వాత దాని బుద్ధి మొద్దుబారుతుందని దానయ్య నమ్మకం. అందుకే కాఫీ గొంతులో పడకముందే ఈ పని. మిర్చి వ్యాపారి గోడౌను కాపలా నేర్పమని వదిలిన రెండు నల్లకుక్కలవీ తుడిచి, చివర్న ఝాన్సీ దగ్గరికొచ్చాడు. అది తనంతట తనే మూతి పైకెత్తింది.

గుంటూరు ఊరి చివర, నల్లపాడు రోడ్డు పక్కన, ఒకప్పుడు పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టిన పాత బ్యారన్ కొట్టం అది. పైకప్పు రేకులు సగం ఎగిరిపోతే సగం తాటాకు కప్పించాడు. చుట్టూ ముళ్లకంచె, లోపల వేపచెట్ల కింద కుక్కల్ని కట్టేసే గూటాలు. ఊళ్లోవాళ్లు దాన్ని కుక్కల బడి అంటారు. మొదట్లో నవ్వడానికే అన్నారు. మనుషుల బడికే పైకప్పు లేదు, కుక్కలకి బడేమిట్రా అని రిక్షావాళ్లు కూడా ఎగతాళి చేశారు. తర్వాత మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లు ఎక్కువయ్యాయి. పామరేనియన్లు ఫ్యాషనయ్యాయి. పొద్దున స్కూటరు మీద తెచ్చి దింపి, సాయంత్రం తీసుకుపోయేవాళ్లు తయారయ్యారు. నవ్వినవాళ్లే ఇప్పుడు "దానయ్యగారి బడి ఎటండీ" అంటే దారి చూపిస్తున్నారు.

దానయ్య పొడుగాటి మనిషి, వంగిన వీపు, పలచటి చెంపలు. ముంజేతుల మీద పాత పళ్లగాట్లు తెల్లగా మెరుస్తుంటాయి. కుక్కల తిండిలో రోజూ పసుపు కలిపీ కలిపీ గోళ్లు పచ్చబడిపోయాయి. ఈ ఏడాది కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుండె బాగా పాడైందని, మందులు వేసుకుని మంచాన పడి ఉండమని డాక్టరు చెప్పాడు. మందులైతే వేసుకుంటున్నాడు.

"ఇయ్యాల గూడా పోతావా?" అంది పెళ్లాం ప్రేమమ్మ, కాఫీ గ్లాసు చేతికిస్తూ. "మంచం దిగొద్దన్నాడా లేదా డాక్టరు?"

"దీన్నొక్కదాన్నీ వొప్పజెప్పొచ్చి పడుకుంటానే."

"రెండుసార్లు వొప్పజెప్పావుగా. రెండుసార్లూ నీకంటే ముందే ఇంటికొచ్చి కూర్చుంది."

ఆమె చెప్పింది నిజం. మొదటిసారి ఝాన్సీ గోడ దూకి వచ్చింది. రెండోసారి గొలుసు తెంపుకుని, మిర్చి లారీల మధ్యలోంచి పరుగెత్తుకొచ్చింది. చక్రాల కింద పడకపోవడం దేవుడి దయ. మూడోసారి ఏమవుతుందోనన్న భయం ఒకటైతే, మూడోసారి తనుంటాడో లేదో అన్న భయం రెండోది. ఆ రెండోది అతన్ని రాత్రులు నిద్రపోనివ్వడం లేదు.

చావంటే అతనికి పెద్ద బెంగలేదు. బెంగంతా మిగిలిపోయే కుక్క గురించే. కుర్రతనంలో పర్చూరు నుంచి వచ్చి ఒక పొగాకు కంపెనీ దొర బంగళాలో కుక్కల పనివాడుగా చేరాడు. ఇంగ్లీషు మాటలు నాలుగూ, పనీ అక్కడే నేర్చుకున్నాడు. దొర సామాను సర్దుకుని తన దేశం వెళ్లిపోయినప్పుడు పెద్దకుక్కని ఇతనికి వదిలేసి వెళ్లాడు. అది గేటు దగ్గర పడుకుంది. ఎవరు పెట్టినా ముట్టలేదు. ఒక తెల్లవారుజామున చలికి తట్టుకోలేక దానయ్య దొర పారేసిన కోటు తొడుక్కుని దాని దగ్గరికి వెళితే, లేచి వచ్చి అతని చేతిలోంచి రెండు ముద్దలు తింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మర్నాడు చనిపోయింది. అది చూసిన కళ్లతో ఇంకో కుక్కని అలా చూడలేనని అప్పుడే అనుకున్నాడు.

అతని బడి పద్ధతి అక్కడ పుట్టింది. కుక్కని చేర్చుకునేటప్పుడు యజమాని విడిచిన బట్ట ఒకటి అడుగుతాడు. ఉతకకూడదు. అది భుజాన వేసుకునే రోజూ తిండి పెడతాడు. తిండి పెట్టే చెయ్యి దానయ్యదే అయినా, వాసన మాత్రం యజమానిది. చదువు పూర్తయ్యేసరికి కుక్కకి ఆ వాసనే అన్నం పెట్టిన తల్లవుతుంది. అప్పగించే రోజున పస్తుంచి తీసుకెళతాడు. మొదటి ముద్ద యజమాని చేతే పెట్టిస్తాడు, తను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తాడు. మిర్చి వ్యాపారులు చెమట బనీను అక్కడికక్కడే విప్పి ఇచ్చేవాళ్లు. ఇన్నేళ్లలో ఏ కుక్కా తిరిగి రాలేదు, ఝాన్సీ తప్ప.

ఝాన్సీ శ్యామలాంబగారిది. ఆడపిల్లల హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. బ్రాడీపేటలో అక్కతో కలిసి ఉండేది. నిరుడు అక్క పోయింది. ఒంటరిదని తెలిసి దొంగలు పెరటి తలుపు పగలగొట్టారు. అప్పుడు తాడేపల్లిలో ఉండే అక్క కొడుకు ఆల్సేషియన్ పిల్లని తెచ్చిపెట్టాడు. విడిచిన బట్ట పంపమంటే ఆవిడ చాకలి చేత ఉతికించి, గంజి పెట్టించి, ఇస్త్రీ మడత నలక్కుండా ఒక చీర పంపింది. విడిచిన బట్ట పరాయివాళ్ల చేతికివ్వడం ఆవిడ పెరిగిన ఇంట్లో లేదు. అందులోనూ మగవాడి చేతికి. దానయ్య ఆ మడత చూడగానే తప్పు గ్రహించాడు. కానీ అంత పెద్ద పంతులమ్మని పట్టుకుని, అమ్మా మీరు ఒంటి మీంచి విప్పిన చీర పంపండి అని ఏ నోటితో అంటాడు? నోరు మూసుకుని ఆ గంజిచీరే భుజాన వేసుకున్నాడు. "పెళ్లికూతురు బయల్దేరింది" అని ప్రేమమ్మ పడీపడీ నవ్వేది. నెల తిరిగేసరికి ఆ చీరంతా దానయ్య వాసనే అయింది. ఝాన్సీ ఇంకెవరి దగ్గర నిలుస్తుంది?

పామరేనియన్లని దింపేవాళ్లు దింపి వెళ్లాక, వాటిని ప్రేమమ్మకి అప్పజెప్పి రిక్షా ఎక్కాడు. ఝాన్సీ అతని కాళ్ల దగ్గర కూర్చుంది. దారి పొడుగునా పత్తి బేళ్ల లారీలు. ప్రతి హారనుకీ అది తలెత్తి అతని మొహం చూసింది. అతను రోడ్డే చూస్తూ కూర్చున్నాడు.

శ్యామలాంబ వరండాలో సిద్ధంగా ఉంది. పక్కన స్టీలు గిన్నెలో కుక్కకి మాంసం, ముట్టుకోకుండా గిన్నెని తోయడానికో కర్ర. పెట్టాక స్నానం చెయ్యాలి గనక భుజాన తువ్వాలు.

"రా దానయ్యా. ఈసారైనా ఉంటుందంటావా?"

దానయ్య మెట్టు మీద కూలబడి ఊపిరి కూడదీసుకున్నాడు. "ఉండదండి. ఇట్టా పెడితే ఉండదండి."

"మరెలా పెట్టాలి?"

"ఆ కర్ర తీసెయ్యాలండి. మీ చేత్తో పెట్టాలండి. మాంసం అక్కర్లేదు, మీరు తినే పెరుగన్నమే చాలు." తల వంచుకుని అనేశాడు. "మీరు పంపిన చీర ఉతికిందండి. విడిచిన చీర కావాలండి. అప్పుడే చెప్పాల్సింది, సిగ్గుపడి నోరెత్తలేదండి. దాన్నిండా నా వాసనే పట్టింది."

ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఇంత తొందరేమొచ్చింది దానయ్యా? ఇంకో నెల నీ దగ్గరే ఉంచుకోరాదూ?"

"నాకు నెల లేదండి." ఆ మాట ప్రేమమ్మతో కూడా అనలేదతను. "నన్నే నమ్ముకుని ఉంటే, నేను పోయాక గేటు కాడ పడుకుని మాడి చస్తదండి. ఒకదాన్ని అట్టా చూశాను. మీకు దండం పెడతాను."

శ్యామలాంబ లేచి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ఉండచుట్టిన నేతచీర ఉంది. రాత్రి విడిచి, ఇంకా నానబెట్టనిది. దాన్ని దానయ్య చేతికివ్వలేదు. వరండా మూల తనే పరిచింది. మళ్లీ వెళ్లి పెరుగన్నం కలుపుకొచ్చి, కర్ర పక్కకి నెట్టి, గచ్చు మీద చతికిలబడింది.

ఝాన్సీ ఆవిడ వైపు వెళ్లలేదు. దానయ్య చెయ్యి నాకింది. మోకాలి మీద తల పెట్టింది. ఆకలితో సన్నగా మూలిగింది. చెవుల వెనక గోకితే దానికి ప్రాణం లేచొస్తుందని అతనికి తెలుసు. వేళ్లు కదిలించలేదు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు, చెయ్యి కదిలితే అది పిలుపనుకుంటుందని. చాలాసేపు అలాగే రాయిలా కూర్చున్నాడు.

"ఝాన్సీ, ఇటు రా" అంది శ్యామలాంబ. క్లాసులో మొండి పిల్లని పిలిచే గొంతు అది, గట్టిగానే ఉంది గాని కోపం లేదు.

కుక్క లేచింది. పరిచిన చీరని వాసన చూసింది, తర్వాత ఆవిడ చెయ్యి వాసన చూసింది. ఒక్క మెతుకు నాకి, ఆగి, ముద్దంతా అందుకుంది. ఆవిడ రెండో ముద్ద పెట్టింది. మూడోది చిన్నదిగా చేసి పెట్టింది.

"అక్కకి చివర్లో ఇలాగే పెట్టేదాన్ని" అంది. "మళ్లీ ఇంకొకరి నోటికి అందించలేదు."

దానయ్య మెల్లగా గోడ పట్టుకుని లేచాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా. గేటు దాటాడు. వెనక గోళ్ల చప్పుడు వినిపిస్తుందేమోనని వీధి మలుపు దాకా వీపంతా చెవులు చేసుకుని నడిచాడు. వినిపించలేదు. సంతోషించాలి. సంతోషించాడు కూడా. కానీ మలుపు తిరిగాక, మూసేసిన కిళ్లీకొట్టు అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మధ్యాహ్నమంతా మంచం మీద పడుకునే ఉన్నాడు గాని చూపు కంచె వైపే. లారీ బ్రేకు వేసిన చప్పుడైనప్పుడల్లా లేచి కూర్చున్నాడు. ఏదీ రాలేదు. సాయంత్రం స్కూటర్లు వచ్చాయి, పామరేనియన్లు తోకలూపుకుంటూ వెళ్లిపోయాయి.

"నిలిచింది కదయ్యా, ఇంక పడుకో" అంది ప్రేమమ్మ.

"వీటికి తిండి పెట్టి పడుకుంటా."

ఆమె కాదంటే వింటాడా? బేసినులో జొన్నసంకటి, మాంసం తుంపులు, పసుపు వేసి ముందు పెట్టి, నీళ్లకి బోరింగు దగ్గరికి వెళ్లింది. దానయ్య వేపచెట్టుకి వీపు ఆనించి కూర్చుని కుక్కకొకటి లెక్కన ముద్దలు చేశాడు. తుంపులు రాలిపోకుండా ఒక్కో ముద్దనీ నాలుగు వేళ్లతో నొక్కి బేసినులోనే ఓ పక్కన పెట్టడం అతని అలవాటు. గాలికి వేపపూత రాలుతోంది. గోడౌను కుక్కలు రెండూ నోరూరుతున్నా ఆజ్ఞ కోసం కదలకుండా కూర్చున్నాయి.

ప్రేమమ్మ బిందె చంకనెత్తుకుని వచ్చేసరికి అవింకా అలాగే కూర్చుని ఉన్నాయి. దానయ్య తల భుజం మీదికి వాలి ఉంది. ఆమె రెండుసార్లు పిలిచింది. బిందె దింపి, దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని చూసింది. వేళ్లకి సంకటి ఇంకా తడిగానే ఉంది.

మర్నాడు పొద్దున పాదిరిగారు ప్రార్థన చేస్తుండగా శ్యామలాంబ రిక్షాలో వచ్చింది, ఝాన్సీతో. దీన్నెందుకు తెచ్చిందీ మహాతల్లి అనుకుంది ప్రేమమ్మ. ఝాన్సీ గొలుసు లాక్కుంటూ మంచం దగ్గరికి వెళ్లి, దానయ్య పాదాలు వాసన చూసింది. పచ్చబడ్డ గోళ్లు వాసన చూసింది. మంచం పక్కనే పడుకుంది. పాట అయిపోయింది, ప్రార్థన అయిపోయింది, అది లేవలేదు. పరామర్శకి వచ్చినవాళ్లు కూడా మాట్లాడటం మానేసి దానివైపే చూస్తున్నారు.

"ఝాన్సీ, ఇంటికి పోదాం" అంది శ్యామలాంబ మెల్లగా. గొలుసు వదిలేసి గేటు వైపు నడిచింది.

కుక్క దానయ్య మొహం వైపు ఒకసారి చూసింది. తర్వాత లేచి, ఆవిడ వెనకే వెళ్లి, అడగకుండానే రిక్షా ఎక్కి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది.

"పోయింది. తల్లీ, పోయింది" అంటూ ప్రేమమ్మ అప్పుడు గొల్లుమంది. రాత్రి నుంచీ రాని ఏడుపు అది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకుని, పస్తున్న మూగజీవాలు గుర్తొచ్చి లేచింది. రాత్రి బేసిను మీద బోర్లించిన పళ్లెం తీసి కుక్కలకి వాటి ముద్దలు పెట్టింది. రెండిటికీ పెట్టినా ఇంకొకటి మిగిలింది.

"దాన్నేమో మర్చిపొమ్మన్నావు" అంది మంచం వైపు తిరిగి. "నువ్వేమో దాని వాటా గూడా చేసిపెట్టావా?"

ఆ ముద్దని ఆమె దేనికీ వెయ్యలేదు. బేసిను వేపచెట్టు మొదట్లోనే ఉండిపోయింది, అందులో పైన తడారి నెర్రెలిచ్చిన ఒక్క పసుపు ముద్ద, దాని మీద నాలుగు వేళ్ల నొక్కులు.